కారు కారుతుంటే: పాత బండికి పెట్రోల్ పైపులు మార్చుకోవడం

మొదట వాసన వస్తుంది. పొద్దున్నే డోర్ తీయగానే సన్నగా పెట్రోల్ వాసన. నిన్న బంకులో చేతికి అంటిందేమో అనుకుంటాం. రెండో రోజు కూడా వస్తే ట్యాంకు మూత సరిగ్గా పడలేదేమో అనుకుంటాం. మూడో రోజు నేల మీద అరచేయంత మరక. దాన్ని చూసి కూడా ఇంజన్ ఆయిలేలే అనుకున్న ఘనుణ్ని నేను. అలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ పదకొండు రోజులు తిరిగాను. ఇంజన్ ఆయిల్ మరక నల్లగా, జిడ్డుగా అలాగే ఉంటుంది. పెట్రోల్ మరక ఆరిపోయి, అంచు మాత్రమే వలయంలా మిగులుతుంది. ఈ తేడా అప్పుడే గమనించి ఉంటే ఆ పదకొండు రోజులూ నిప్పుతో ఆడుకునేవాణ్ని కాదు.

నాది 1992 నాటి బండి. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్, ఇంజన్‌కి బోల్టులతో బిగించిన మెకానికల్ పంపు, వెనక ట్యాంకు. పంపుకూ ట్యాంకుకూ మధ్య బండి పొట్ట కింద సాగే 8 మిల్లీమీటర్ల స్టీలు పైపు. దానికి అటూ ఇటూ జానెడు రబ్బరు హోస్. అంతే, పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అయినా ఆ ఒక్క లైను కోసం నేను మూడుసార్లు బండి కింద దూరాను. మొదటిసారి పంపు దగ్గర రబ్బరు పగిలి ఉంది, మార్చాను. మూడు వారాలకు ట్యాంకు దగ్గరి రబ్బరు మొదలుపెట్టింది, అదీ మార్చాను. ఇంకో నెలకు నడిమధ్యలో స్టీలు పైపే చెమర్చింది. అప్పుడు బుద్ధొచ్చింది. ఆ లైనంతా ఒకే రోజున ఫ్యాక్టరీలో వేసింది. ఒకే వానకు తడిసింది, ఒకే బురద తింది. ఒకచోట పోయిందంటే మిగతావి లైన్లో నిలబడి ఉన్నట్టే. అందుకే ఎవరైనా "ఆ ఒక్క ముక్క మారిస్తే చాలదా?" అని అడిగితే ముందు మొత్తం చూడమంటాను.

నిప్పు సంగతి ముందు

ఈ భాగం దాటేసి పానాలు పట్టుకోవద్దు. పెట్రోల్ దాదాపు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. అంటే మీరు బండి కింద వెల్లకిలా పడుకున్నప్పుడు సరిగ్గా మీ మొహం ఉండేచోటే అది కూడా ఉంటుంది. కాబట్టి ఆరుబయట, చదునైన నేల మీద చేయండి. సర్వీసు గుంటలో దిగి ఈ పని అసలు చేయొద్దు. షెడ్డులోనే చేయక తప్పకపోతే తలుపులన్నీ బార్లా తీసి, లోపల హీటరు, స్టవ్వు లాంటివి ఏవీ వెలగకుండా చూసుకోండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, తిరిగి తగలకుండా పక్కకు కట్టేయాలి. వెలుగుకు ఎల్‌ఈడీ టార్చి, అది కూడా నుదుటికి కట్టుకునేది మంచిది. కిందికి దూరకముందే వెలిగించుకోండి, అక్కడ స్విచ్చులు నొక్కొద్దు. పాతకాలపు బల్బు లైటు మాత్రం దగ్గరికి రానీయకండి. వేడెక్కిన బల్బు మీద ఒక్క చల్లటి చుక్క పడితే గాజు పగులుతుంది, లోపల ఎర్రగా కాలుతున్న తీగ బయటపడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పెట్రోల్ మంటకు పనికొచ్చే పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి దగ్గరుండాలి. నీళ్ల బకెట్ పెట్టుకోవద్దు, పెట్రోల్ నీళ్ల మీద తేలుతూ మంటను ఇంకా దూరం తీసుకెళుతుంది. ఆ సిలిండర్‌ని బండి కింద కాదు, మీ కాళ్ల వైపు, మీరు బయటికి వచ్చే దారిలో ఉంచండి. రెండో మనిషి ఒకరు తప్పనిసరి. నాకు మా మేనల్లుడు దొరికాడు. స్టూలేసుకుని సిలిండర్ పక్కన కూర్చోవడం, నాతో మాట్లాడుతూ ఉండడం, ఇంకేమీ చేయకపోవడం వాడి డ్యూటీ. "మామయ్యా, ఊరికే కూర్చోవడానికి నన్నెందుకు పిలిచావు?" అని గంటకోసారి అడిగాడు. ఊరికే కూర్చోవడానికే పిలిచాను మరి.

జాకీ మీద నిలిపిన బండి కిందికి వెళ్లడమంటే మెడ పట్టి ఇచ్చినట్టే. గట్టి స్టాండ్ల మీద దించి, రెండో వైపు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, చేత్తో గట్టిగా ఊపి చూశాకే దూరాలి. ఇంకో చిన్న సంగతి. వెనక భాగం మాత్రమే ఎత్తితే ట్యాంకు పైకి పోతుంది, ముందు పైపు విప్పగానే పెట్రోల్ తనంతట తానే మీ మోచేతి మీదుగా చంకలోకి పారుతుంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. నాలుగు వైపులా సమంగా లేపండి, కుదరకపోతే ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండనివ్వండి.

ట్యాంకులో పెట్రోల్ ఎంత తక్కువుంటే అంత మేలు. రెండు మూడు లీటర్లకు వచ్చేదాకా ఆగలేం కదా, కారే బండిని నడపకూడదు. కాబట్టి చేతి పంపుతో తోడి పెట్రోల్ క్యాన్‌లో పోయండి. క్యాన్ నేల మీదే ఉండాలి. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చే పాత అలవాటు మానేయండి. గుక్కెడు పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు.

ప్రెషర్ దించడం

కార్బురేటర్ బండిలో మెకానికల్ పంపు ఇచ్చే ప్రెషర్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు పీఎస్‌ఐ (టైరులో గాలి కొలిచే కొలతే). ట్యాంకు మూత ఓసారి తీసి పెడితే సరిపోతుంది. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్‌ను ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ బండి కథ వేరు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ ఉండే మల్టీపాయింట్ ఇంజెక్షన్‌లో దాదాపు 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. ఇంజన్ ఆపాక కూడా గంటల తరబడి లైన్లో అలాగే నిలిచి ఉంటుంది. అలాంటి జాయింటు విప్పితే చుక్క రాదు, పిచికారీ వస్తుంది. అందుకని బ్యాటరీ విప్పకముందే పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగిపోనివ్వాలి. మరో రెండుసార్లు సెల్ఫ్ కొట్టాలి. అదీ లీకు చిన్నగా చెమ్మలా ఉంటేనే. ధారగా కారుతుంటే ఇంజన్ స్టార్ట్ చేసే ప్రసక్తే లేదు. ఫ్యూజు పీకినా సరే, ఆ తర్వాత విప్పే మొదటి జాయింటుకు మందపాటి గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మెల్లగా వదులు చేయండి.

చుక్క పడినచోట లీకు ఉండదు

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. మధ్యలో పైపు చెమర్చినప్పుడు చుక్క వెనక ఇరుసు ముందున్న బెండు దగ్గర పడేది. ఆ బెండును తుడిచాను, పైపును బాడీకి పట్టించే క్లిప్పు మార్చాను, గంటసేపు టార్చి వేసి చూశాను. మర్నాడు మళ్లీ అక్కడే చుక్క. చివరకు చూస్తే చిల్లు అక్కడికి రెండడుగుల ముందు, ఒక క్లిప్పు కింద ఉంది. పెట్రోల్ అక్కడ ఊరి, పైపు అడుగును పట్టుకుని పాకి, వంపు దగ్గర పల్లం దొరికి జారిపడుతోంది.

అందుకే ముందు శుభ్రం చేయాలి. బురద, జిడ్డు మొత్తం సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక పైపు పొడవునా పొడి సుద్ద అద్దండి, లేదా ప్రతి జాయింటుకీ, ప్రతి క్లిప్పుకీ తెల్ల టిష్యూ ఒక చుట్టు చుట్టండి. ఆ తర్వాత, బ్యాటరీ, ఫ్యూజు ఇంకా విప్పకముందే, ఒకరు లోపల కూర్చుని తాళం తిప్పాలి, ఒకరు బయట నుంచి చూడాలి. ఇంజెక్షన్ బండిలో తాళం ఆన్ చేయగానే పంపు ఒకటి రెండు సెకన్లు తిరిగి లైన్లో ప్రెషర్ నింపుతుంది. ఇంజన్ తిరగనక్కర్లేదు, దానికే తడి తేలుతుంది. మొహం దగ్గర పెట్టి చూడకండి. ముందుగా తడిసిన టిష్యూ ఏదో అదే దొంగ. మిగతావన్నీ వాడి దగ్గర్నుంచి పారిన చెమ్మే.

కార్బురేటర్ బండిలో ఇంకో మెలిక ఉంది. పంపు ముందు ఇంజన్ దగ్గర ఉంటుంది కాబట్టి, ట్యాంకు నుంచి అక్కడిదాకా ఉన్న లైనంతా పీల్చుకునే వైపే. ఇంజన్ తిరుగుతున్నప్పుడు చిల్లులోంచి పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గుతుంది, పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాలి, పారదర్శకంగా ఉండే ఫిల్టరైతే అందులో బుడగలు కనిపిస్తాయి. జనం కార్బురేటర్ విప్పి, పెట్రోల్ వచ్చే దాని సన్న రంధ్రాలు, అంటే జెట్లు, ఊదుకుంటూ కూర్చుంటారు. నేనూ ఊదాను. అదే బండిని ఆపి నిలబెడితే, ట్యాంకులో పెట్రోల్ మట్టం చిల్లుకంటే ఎత్తులో ఉన్నప్పుడు చుక్కలు పడతాయి. నా బండి ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు కారేది, సగానికి వచ్చాక మానేసేది. తగ్గిపోయిందనుకుని సంతోషించిన రోజులున్నాయి.

అనుమానించాల్సిన చోట్లు ఎక్కడంటే, ముందు రబ్బరు ముక్కలు. హోస్‌ను బిగించే పట్టీ, అంటే క్లాంపు పక్కనే, రబ్బరు వంగేచోట వేలితో వంచి చూడండి. ఎండిన చెరువు మట్టిలా సన్నటి బీటలు కనిపిస్తే దాని ఆయుష్షు తీరింది. గట్టిగా చెక్కలా మారినా, మెత్తగా ఉబ్బి జిగురుగా ఉన్నా అంతే. ఎథనాల్ కలిపిన పెట్రోల్‌కి తట్టుకునేలా పాత బండ్ల రబ్బరు తయారు చేయలేదు, దాంట్లో నాని త్వరగా పాడవుతుంది. పైన అల్లిక ఉన్న హోస్ అయితే ఇంకా మోసం, లోపల పగిలినా పైకి కొత్తదానిలా ఉంటుంది. ఆ తర్వాత స్టీలు పైపు మీద క్లిప్పులు ఉన్నచోట్లు. క్లిప్పుకూ పైపుకూ మధ్య తడి బురద ఇరుక్కుని ఏళ్ల తరబడి ఆరదు, తుప్పు అక్కడే మొదలవుతుంది. వెనక చక్రాలు రాళ్లు చిమ్మే చోటు చూడండి. ట్యాంకు నెత్తి మీద ఉండే హోసులు కూడా చూడాలి. అవి కింది నుంచి కనపడవు, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే కారతాయి. ట్యాంకుకు తిరిగి వచ్చే రిటర్న్ పైపును, ఆవిరి పైపును మర్చిపోవద్దు. అవి సన్నగా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

అతుకా, మొత్తమా

తుప్పు పైపైనే ఉందో లోపలికి తినేసిందో తేల్చుకోవడానికి వైరు బ్రష్షుతో మెల్లగా గీకండి. కింద మెరిసే లోహం కనిపించి, గోరు గుచ్చుకునే గుంటలు లేకపోతే పైపు బతికే ఉంది, రంగు వేసి వదిలేయొచ్చు. గోటికి గుంటలు తగిలితే మార్చాల్సిందే. నా పైపు విప్పి నేల మీద పరిచినప్పుడు క్లిప్పుల చోట్లు తప్ప చూడ్డానికి బాగానే ఉంది. ఆ క్లిప్పు గుర్తు దగ్గర బొటనవేలు పెట్టి కాస్త వంచాను. ఎండు పుల్లలా టప్పున విరిగింది. లోపల గోడ కాగితం మందాన మిగిలింది. దాని మీద నేను అన్నాళ్లు ప్రయాణం చేశాను.

పుట్టీ పూయడం, టేపు చుట్టడం, సబ్బు రుద్దడం రిపేరు కిందకి రావు. సబ్బు పెట్రోల్‌లో కరగదు కాబట్టి ట్యాంకు చిల్లును కాసేపు ఆపుతుంది, నిజమే. కానీ ప్రెషర్ ఉన్న పైపు మీద దాని ఆట సాగదు. చిల్లు పడినచోట కోసి రబ్బరు హోస్ ముక్కతో కలపడం కార్బురేటర్ బండికి ఇంటిదాకా చేరడానికి పనికొస్తుందేమో గానీ, ఇంజెక్షన్ బండిలో వద్దే వద్దు. ఆ ప్రెషర్‌కి నున్నటి పైపు మీద నుంచి రబ్బరు ఊడి వస్తుంది. ఇక మొత్తం లైను రబ్బరుతోనే లాగేద్దాం అనే తెలివితేటలు కూడా చూశాను. రాయి తగిలితే, సైలెన్సర్ వేడి తగిలితే దానికి దిక్కెవరు?

ఏం కొనాలి

రబ్బరు హోస్ మీద అచ్చు వేసి ఉండే అక్షరాలు చదివి కొనండి. ఎస్‌ఏఈ 30ఆర్7 (హోస్ ఏ రకమో చెప్పే ప్రమాణం గుర్తు) అని ఉంటే కార్బురేటర్ లాంటి తక్కువ ప్రెషర్‌కి, 50 పీఎస్‌ఐ దాకా. 30ఆర్9 అని ఉంటే ఇంజెక్షన్‌కి, 100 పీఎస్‌ఐ దాకా. ఆర్9 లోపలి పొర ఎథనాల్‌కి కూడా బాగా తట్టుకుంటుంది కాబట్టి కార్బురేటర్ బండికి కూడా నేను అదే వేశాను. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకు ఈ రెండూ పనికిరావు, దానికి 30ఆర్10 ఉండాలి. ఆర్9 లోపల నుంచి తట్టుకుంటుంది గానీ బయటి పొర పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు. రేడియేటర్ హోసు, వైపర్ నీళ్ల గొట్టం, పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు జోలికి వెళ్లొద్దు.

సైజు ఒకటికి రెండుసార్లు కొలవండి. 8 మిల్లీమీటర్లు, అంగుళంలో పదహారో వంతులు ఐదు, ఈ రెండూ ఇంచుమించు ఒకటే. కానీ 6 మిల్లీమీటర్లు, పావు అంగుళం ఒకటి కావు. పావు అంగుళమంటే 6.35. ఆ కాస్త తేడాకే హోస్ వదులుగా కూర్చుంటుంది. క్లాంపు బిగించి సరిచేద్దాం అనుకుంటే కుదరదు.

క్లాంపుల్లో పట్టీకి చిల్లులు లేనివి, అంచులు పైకి మడిచినవి అడగండి, ఇంజెక్షన్ క్లాంపులంటారు. చిల్లుల పట్టీ ఉండి, స్క్రూ తిప్పి బిగించే మామూలు వార్మ్ క్లాంపు బిగిస్తున్నకొద్దీ ఆ చిల్లులు రబ్బరును కొరుకుతాయి.

స్టీలు పైపు స్థానంలో పూత ఉన్న స్టీలు గానీ, కుప్రోనికెల్ గానీ వేయొచ్చు. కుప్రోనికెల్‌లో రాగి దాదాపు 90 శాతం, నికెల్ 10 శాతం. తుప్పు పట్టదు, చేతులతోనే వంగుతుంది. నా ఓటు దానికే. అయితే అచ్చంగా రాగి పైపు మాత్రం వద్దు. అదురుడుకు రాగి గట్టిపడి పగులుతుంది, పైగా పెట్రోల్ జిగురుగా మారడానికి కారణమవుతుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఫిల్టరు, లోపల పెట్రోల్ పారే బోలు బోల్టుల కింద వేసే రాగి వాషర్లు కూడా కొత్తవి తెచ్చుకోండి. పాత వాషరు ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ సరిగ్గా పట్టదు.

విప్పడం

ముందురోజు రాత్రే నట్టుల మీద తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేయండి. పైపు నట్టులు మెత్తవి, మామూలు పానా వేస్తే మూలలు అరిగి గుండ్రంగా అవుతాయి. ఫ్లేర్ నట్ స్పానర్ అని, రింగ్ స్పానర్‌కి ఒక పక్క పైపు దూరేంత సందు కోసినట్టుండేది దొరుకుతుంది. అది నట్టును చుట్టూ పట్టుకుంటుంది. రెండు పానాలు వాడండి, ఒకటి నట్టు ఎక్కే అవతలి ముక్కను, అంటే యూనియన్‌ను, కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే అవతలి పైపు కూడా మెలిపడుతుంది.

అతుక్కుపోయిన రబ్బరును ప్లయర్‌తో లాగొద్దు. ముందు మెలితిప్పి చూడండి. కదలకపోతే హోస్‌ను పొడవుగా బ్లేడుతో చీల్చి ఒలిచేయండి, చిక్కుడుకాయ ఒలిచినట్టు. బ్లేడు కింద ఉన్న పైపును గీకకుండా చూసుకోండి, ఆ గీతలోంచే రేపు మళ్లీ కారుతుంది. తెరిచిన ప్రతి మూతినీ వెంటనే మూసేయాలి. 8 మిల్లీమీటర్ల బోల్టులు, మరలు లేని నున్నటి భాగం ఉన్నవి, హోస్ మూతుల్లో బిరడాల్లా సరిపోతాయి. విప్పేముందు ఏ పైపు ఎక్కడికి పోతుందో ఫోటోలు తీసి, ప్రతి చివరకూ టేపు అంటించి రాసిపెట్టండి. ట్యాంకుకు వెళ్లేదీ తిరిగొచ్చేదీ ఒకేలా ఉంటాయి.

వంచడం, కోయడం, చివర తీర్చడం

పాత పైపును వీలైనంత వరకు ముక్కలు చేయకుండా బయటికి తీయండి. అదే కొత్తదానికి అచ్చు. నాది విరిగింది కాబట్టి రెండు ముక్కల్నీ నేల మీద కలిపి పెట్టి, పక్కన కొత్తది పరిచి, ఒక చివర నుంచి ఒక్కో వంపూ తీస్తూ వచ్చాను. నాలుగు వంపులు బ్రహ్మాండంగా వచ్చాయి. బండి కింద పెట్టి చూస్తే అన్నీ అటు తిరగాల్సినవి ఇటు తిరిగి ఉన్నాయి. పాత పైపును బోర్లా పడుకోబెట్టి చూసి వంచానన్నమాట, అద్దంలో బొమ్మలా తయారైంది. మేనల్లుడు నవ్వలేదు, చాలా పెద్దరికంగా ఊరుకున్నాడు. మీరు మాత్రం విప్పకముందే పైపు మీద టేపు వేసి "పైన", "ముందు" అని రాయండి. చిన్న వంపులకు ట్యూబ్ బెండర్ వాడండి. చేత్తో మరీ ఇరుకుగా వంచితే పైపు నలిగి, లోపల దారి మూసుకుపోతుంది.

కోయడానికి ట్యూబ్ కట్టరే కావాలి. ఒక చుట్టు తిప్పడం, చిటికెడు బిగించడం, మళ్లీ తిప్పడం. హాక్సాతో కోస్తే అంచు వంకర పోతుంది, రజను లోపల పడుతుంది, ఆ రజను నేరుగా కార్బురేటర్‌లోకో ఇంజెక్టర్‌లోకో పోతుంది. కోశాక లోపలి అంచు మొన గీకి, గాలితో ఊదండి.

నట్టుతో బిగించే చివరకు ఫ్లేర్ తీయాలి, అంటే పైపు మూతిని పరికరంతో వెడల్పు చేసి తీర్చాలి. అది డబుల్ ఫ్లేరా (అంచు లోపలికి మడిచి రెండు పొరలైనది), బబుల్ ఫ్లేరా (బుడగలా ఉబ్బినది) అనేది పాత చివర చూసి అలాగే తీయండి, ఒకదాని బదులు ఇంకొకటి పట్టదు. తీసేముందు నట్టు పైపుకు తొడిగారా? ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చక్కటి ఫ్లేర్ తీసి మురిసిపోతూ చూస్తే నట్టు బల్ల మీదే నవ్వుతూ ఉంటుంది. అప్పుడు కోసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. ముందు ఒకటి రెండు పనికిరాని ముక్కల మీద సాధన చేస్తే మంచిది.

రబ్బరు ఎక్కే చివరను నున్నగా వదలకూడదు. దానికి గుండ్రంగా ఒక ఉబ్బు ఉండాలి. ఫ్లేర్ పరికరంలో డబుల్ ఫ్లేర్‌కి మొదటి మెట్టు మాత్రం చేసి ఆపితే ఆ ఉబ్బు వస్తుంది. హోస్ ఒక అంగుళం లోపలికి ఎక్కాలి. క్లాంపు ఆ ఉబ్బును దాటాక, దానికీ హోస్ చివరకూ మధ్యలో పడాలి. ఉబ్బు మీదే క్లాంపు వేస్తే కాస్త అదురుకు జారిపోతుంది. ఎక్కించడం కష్టంగా ఉంటే చివరకు ఒక చుక్క ఆయిల్ రాయండి. బిగించడంలో మీ బలం చూపించొద్దు. రబ్బరు పట్టీ అంచుల్లోంచి పైకి పొంగుతోందంటే ఎక్కువైనట్టే.

దారి

కొత్త పైపు పాతది వెళ్లిన దారిలోనే వెళ్లాలి. కంపెనీవాళ్లు ఊరికే వంకరలు తిప్పలేదు. ఒక వంపు సైలెన్సర్ వేడికి దూరం, ఒకటి జాకీ పెట్టే చోటుకు దూరం, ఒకటి హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కు దూరం. క్లిప్పులు కొత్తవి, లోపల రబ్బరు ఉన్నవి వేసి, అడుగుకొకటి చొప్పున పట్టించండి. రేకు చిల్లులోంచి పైపు దూరేచోట రేకు అంచు కొరకకుండా రబ్బరు గ్రోమెట్ (చిల్లుకు తొడిగే రింగు) ఉండి తీరాలి. ఇంజన్ అదురుతుంది, బాడీ అదరదు. అందుకే ఆ రెంటి మధ్య ముక్క రబ్బరుది, అది కొంచెం వదులుగా ఉండాలి. ఫిల్టరు మీద బాణం గుర్తు ఇంజన్ వైపు చూడాలి.

కొన్ని కాస్త కొత్త బండ్లలో నల్లటి నైలాన్ పైపు, నొక్కితే పట్టుకునే కనెక్టర్లు ఉంటాయి. క్లిక్ మని వినిపించాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. ఊడి వచ్చిందంటే పట్టలేదన్నమాట. ఆ పైపును మంట చూపించి వంచొద్దు.

అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండి అయితే ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా మీరు చూసుకోవచ్చు. పంపు దాటాక మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, కంటికి కనపడని సన్న ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ట్యాంకే కారుతుంటే వెల్డింగ్ మాట ఇంట్లో ఎత్తొద్దు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదం, లోపలంతా ఆవిరే.

కారుతోందో లేదో

ప్రతి జాయింటుకూ మళ్లీ కొత్త టిష్యూ చుట్టండి. బ్యాటరీ కలిపేముందు కింద పడిన పెట్రోల్ ఆరిందా, తడి గుడ్డలు దూరంగా ఉన్నాయా చూసుకోండి. ఆ గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు, బయట పరిచి ఆరబెట్టండి. తోడిన పెట్రోల్ తిరిగి పోసి, ఇంజెక్షన్ బండైతే స్టార్ట్ చేయకుండా తాళం మూడుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. కార్బురేటర్ బండైతే ఖాళీ లైను నిండాలి కాబట్టి వెంటనే అందుకోదు. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, కాస్త ఆగి, మళ్లీ కొట్టండి. టెన్షన్ పడి ఏకబిగిన కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. స్టార్ట్ అయ్యాక ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి పది నిమిషాలు తిరగనివ్వండి, మధ్యలో రేజ్ చేయించండి. ఈలోపు మీరు పక్కనుంచి టార్చి వేసి చూడండి. ఆపి, అరగంట తర్వాత మళ్లీ చూడండి. వేడికి రబ్బరు కాస్త సర్దుకుంటుంది కాబట్టి వారం తర్వాత క్లాంపుల బిగువు చేత్తో ఓసారి చూసుకుంటే చాలు.

నేను మాత్రం ఫుల్ ట్యాంకు కొట్టించేదాకా నమ్మలేదు, నా బండి పాత అలవాటు తెలుసు కదా. సాయంత్రం నింపి, నిలిపి, టిష్యూలు చుట్టి పడుకున్నాను. పొద్దున మేనల్లుడు నాకంటే ముందే లేచి చాప వేసుకుని కిందికి దూరాడు. అయిదు నిమిషాల తర్వాత గుప్పెడు టిష్యూలతో బయటికొచ్చాడు. ఒక్కోటీ వాసన చూశాడు. "పొడిగానే ఉన్నాయి మామయ్యా" అని వాటిలో ఒకదానితో ముక్కు చీదుకున్నాడు.